‘బాధ్యత గల’ తుపాకి: ఒక విశేషణంపై విచారణ

చికాగోకు ఉత్తరాన మోర్టన్ గ్రోవ్ అనే సబర్బు ఉంది. 1981లో ఆ ఊరి పాలకమండలి ఒక శాసనం చేసింది: ఊరి పరిధిలో సామాన్య పౌరుల ఇళ్ళలో చేతి తుపాకి ఉండరాదు. మరుసటి ఏడాది మార్చిలో, అట్లాంటాకు వాయవ్య దిశలో ఉన్న కెనెసా అనే సబర్బు దానికి బదులుగా ఇంకొక శాసనం చేసింది: ప్రతి గృహయజమాని ఇంట్లో ఒక తుపాకి, దానికి తగిన తూటాలు ఉంచుకొని తీరాలి. వైకల్యం ఉన్నవారికి, నిరుపేదలకు, మతవిశ్వాసం వల్ల ఆయుధం ముట్టనివారికి, నేరం రుజువై శిక్ష పడినవారికి మాత్రం మినహాయింపు. రెండూ చాలావరకు ప్రకటనలే. కెనెసాలో తుపాకి లేదన్న కారణంతో ఎవరినీ కోర్టుకు ఈడ్వలేదు. మోర్టన్ గ్రోవ్ నిషేధం 1982లో ఫెడరల్ అప్పీలు కోర్టులో నిలబడింది గాని, 2008లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడ్డాక ఊరివారే దాన్ని రద్దు చేసుకున్నారు.

ఈ జంట శాసనాలను తుపాకి వాదానికి అటూ ఇటూ నిలిచినవారు నాలుగు దశాబ్దాలుగా ఉదాహరిస్తూనే ఉన్నారు. శాసనం వల్ల కెనెసాలో దొంగతనాలు తగ్గాయని నేరశాస్త్రజ్ఞుడు గేరీ క్లెక్ వాదించాడు. డేవిడ్ మెక్‌డావల్, అతని సహచరులు అక్కడి లెక్కలనే మరింత దీర్ఘకాలానికి పరచి చూసి, తగ్గుదలకు శాసనమే కారణమనడానికి ఆధారం లేదన్నారు. అప్పటికి కెనెసా జనాభా సుమారు ఐదువేలు. అంత చిన్న ఊళ్ళో దొంగతనాల సంఖ్యలో ఏటా వచ్చే హెచ్చుతగ్గులతో ఎవరికి నచ్చిన సిద్ధాంతాన్ని వారు నిలబెట్టుకోవచ్చు.

అయితే ఆ వాదోపవాదాలలో ఎవరూ అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. కెనెసా శాసనపు ప్రధాన వాక్యం తుపాకి ఉండాలంటుంది, తూటాలు ఉండాలంటుంది. అవి ఇంట్లో ఎక్కడ ఉండాలో, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, పదేళ్ళ పిల్లవాడి చేతికి అందితే ఎవరు జవాబు చెప్పుకోవాలో చెప్పదు. గృహయజమాని బాధ్యత గలవాడన్నది అక్కడ రుజువు చేయవలసిన విషయం కాదు; ముందే ఒప్పుకున్న విషయం. అమెరికాలో తుపాకి గురించి జరిగే చర్చలో, ముఖ్యంగా సబర్బుల చర్చలో, ఈ ఒప్పుకోలు చేసే పని ఏమిటన్నదే ఇక్కడి పరిశీలన.

ఒక మాట, నాలుగు అర్థాలు

తెలుగులో ‘బాధ్యత’ అన్న మాట ‘బాధ్య’ శబ్దం నుంచి వచ్చింది. ఒత్తిడికి లోబడవలసినవాడు, కట్టుబడవలసినవాడు బాధ్యుడు. ప్రమాదానికి బాధ్యుడెవరని అడిగినప్పుడు ఆ మూలార్థం ఇప్పటికీ వినిపిస్తుంది. ‘పూచీ’ వేరు. అది ఇంకా జరగనిదానికి ముందుగా ఇచ్చే హామీ. పూచీకత్తు రాసినవాడు, అసలు మనిషి మాట తప్పితే తన ఆస్తితో తీర్చాలి. ‘జవాబుదారీ’ మళ్ళీ వేరు. అడిగేవాడు ఒకడున్నప్పుడే జవాబుదారీ ఉంటుంది. ఇక ‘బాధ్యత గల మనిషి’ అన్నప్పుడు ఈ మూడు అర్థాలూ సన్నగిల్లి, మంచి నడవడిక గలవాడు అన్న మెచ్చుకోలు మాత్రం మిగులుతుంది.

ఇంగ్లీషు మాట ‘రెస్పాన్సిబుల్’ ఈ నాలుగింటినీ ఒక్క గొడుగు కింద నడిపిస్తుంది. వక్త ఏ అర్థంతో మొదలుపెట్టి ఏ అర్థంతో ముగించాడో పోల్చుకోవడం కష్టం. ‘రెస్పాన్సిబుల్ గన్ ఓనర్’ అన్న పదబంధాన్ని తుపాకి సంఘాలవారే కాదు, తుపాకులపై ఆంక్షలు కోరేవారు కూడా ఉపన్యాసం మొదట్లోనే ఉచ్చరిస్తారు: బాధ్యత గల యజమానులతో తమకు పేచీ లేదని, తమ గురి మిగిలినవారి మీదేనని. ఆ మిగిలినవారెవరో మాత్రం దుర్ఘటన జరిగాకే తెలుస్తుంది. జరిగేదాకా ప్రతివాడూ బాధ్యత గలవాడే. జరిగిన మరుక్షణం అతడు ఏనాడూ బాధ్యత గలవాడు కాడు. మన తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అనేవారు. ప్రమాదం లేకపోవడం బాధ్యతకు రుజువు, బాధ్యత ఉండడం ప్రమాదం లేకపోవడానికి హామీ. ఏ అనుభవమూ కదిలించలేని వాక్యమిది. కదిలించలేని వాక్యాన్ని వైద్యంలో రోగనిర్ణయమని ఎవరూ అనరు.

2008 నాటి హెల్లర్ తీర్పులో ఈ విశేషణం రాజ్యాంగ గౌరవం సంపాదించుకుంది. వాషింగ్టన్ నగరం 1970లలో చేతి తుపాకులను నిషేధించింది. ఇంట్లో ఉన్న ఇతర తుపాకులను తూటాలు తీసి, భాగాలు విడదీసి గాని, ట్రిగ్గర్‌కు తాళం వేసి గాని ఉంచాలన్నది. అయిదుగురు న్యాయమూర్తుల పక్షాన ఆంటొనిన్ స్కాలియా రాసిన తీర్పు రెండు నిబంధనలనూ కొట్టివేసింది. చట్టానికి లోబడే, బాధ్యత గల పౌరులు తమ ఇంటి రక్షణకు ఆయుధం వాడుకునే హక్కు రెండవ సవరణ మర్మమని ఆ తీర్పు సారం. అంటే బాధ్యత అన్న విశేషణం వచ్చి చేరిన తీర్పులోనే, తాళం వేయాలన్న విధి వెళ్ళిపోయింది.

ఇక్కడ స్కాలియాకు అన్యాయం చేయకూడదు. వాషింగ్టన్ నిబంధనలో ఆత్మరక్షణకు మినహాయింపు లేదని, ఆపద వేళ కూడా తాళం తీయరాదన్నట్టుగా అది ఉందని కోర్టు చదువుకున్నది. ప్రమాదాలను నివారించడానికి తుపాకులను భద్రపరచమనే చట్టాలను తన తర్కం తప్పు పట్టదని ఆ తీర్పే చెప్పింది. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో నగరం, యజమాని ఒంటిమీద లేనప్పుడు చేతి తుపాకి తాళంలో ఉండాలని చేసిన నిబంధనను 2014లో అప్పీలు కోర్టు సమర్థించింది. 2015లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. కాబట్టి తాళానికీ రాజ్యాంగానికీ వైరం ఉందన్న ప్రచారం తీర్పు చదవనివారు చేసేది. అసలు చిక్కు మరోచోట ఉంది. విశేషణాన్ని వాడిన కోర్టు దానికి నిర్వచనం ఇవ్వలేదు.

ఆ లోటు 2024లో బయటపడింది. సహచరి మీద దౌర్జన్యం చేసినందుకు కోర్టు నిరోధక ఉత్తర్వు అందుకున్న ఒక టెక్సస్ వ్యక్తి వద్ద తుపాకులు దొరికాయి. అతడు బాధ్యత గల పౌరుడు కాడు గనుక అతని ఆయుధాలు తీసుకోవచ్చునని ప్రభుత్వ న్యాయవాదులు వాదించారు. రహీమీ తీర్పుగా పేరొందిన ఆ నిర్ణయంలో ఎనిమిదిమంది న్యాయమూర్తులు ప్రభుత్వం పక్షానే నిలిచారు గాని, ఈ వాదనను మాత్రం అంగీకరించలేదు. ‘రెస్పాన్సిబుల్’ అన్నది అస్పష్టమైన మాట అని, దాని ఆధారంగా ఎలాంటి నియమం ఏర్పడుతుందో తెలియదని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. మరొకరి శరీర భద్రతకు ముప్పు అని కోర్టు తేల్చిన మనిషిని తాత్కాలికంగా నిరాయుధుణ్ణి చేయవచ్చు, అంతవరకే. పదహారేళ్ళ తర్వాత కోర్టు తన విశేషణాన్ని తానే పక్కన పెట్టింది. ఉపన్యాసాలలోంచి మాత్రం అది పోలేదు.

ఇంటిలోని లెక్కలు

సబర్బు అన్నది ప్రమాదం నుంచి దూరంగా జరగడానికి కట్టుకున్న ఊరు. మంచి బడి, వెనుక పచ్చిక, సాయంత్రం నడకకు దారి. అక్కడ తుపాకి కొనేవారు వేట కోసం కొనడం తక్కువ. ప్యూ సంస్థ 2023లో జరిపిన సర్వేలో తుపాకి యజమానులలో 72 శాతం మంది రక్షణే ప్రధాన కారణమన్నారు. గ్రామప్రాంతాలలో 47 శాతం, సబర్బులలో 30 శాతం, నగరాలలో 20 శాతం పెద్దలు తమకు తుపాకి ఉందన్నారు. అంటే సబర్బు తుపాకి కిటికీ వైపు తిరిగి ఉంటుంది. బయటినుంచి వచ్చే అపరిచితుడి కోసం ఎదురుచూస్తుంది. నలభై ఏళ్ళ వైద్య పరిశోధన అంతా ఆ తుపాకి ఇంటిలోపలికి ఎలా తిరుగుతుందన్న దాని గురించే.

ఆర్థర్ కెలర్‌మన్, డొనాల్డ్ రే 1986లో సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీ మరణాలను పరిశీలించారు. ఇంట్లో ఉంచుకున్న తుపాకితో ఆత్మరక్షణలో జరిగిన ఒక్కొక్క మరణానికి, ప్రమాదాలు, నేరపూరిత హత్యలు, ఆత్మహత్యలు కలిపి 43 మరణాలు లెక్కకు వచ్చాయి. ఆ 43 అన్న అంకె వెంటనే నినాదమైంది. వైద్యులు దాన్ని గోడమీద రాసుకున్నంత పని చేశారు. నిజానికి అది బలహీనమైన అంకె. 43లో 37 ఆత్మహత్యలు. తుపాకి చూపించగానే పారిపోయిన దొంగ ఆ లెక్కలోకి రాడు. ఎవరూ చావని సందర్భాలన్నీ లెక్కకు వెలుపలే ఉండిపోయాయి. రక్షణను శవాలతో కొలవడం సరికాదని తుపాకి పక్షంవారు చేసిన విమర్శలో న్యాయం ఉంది. ఆ విమర్శను గౌరవించకుండా అదే అంకెను పదే పదే వల్లించిన వైద్యులు తమ నమ్మకాన్ని తామే కొంత పోగొట్టుకున్నారు.

1993లో కెలర్‌మన్ బృందం మెంఫిస్, సియాటిల్, క్లీవ్‌లాండ్ నగరాలున్న మూడు కౌంటీలలో చేసిన అధ్యయనం ఇంతకంటే గట్టిది. ఇంట్లో హత్యకు గురైనవారిని, అదే పరిసరాలలో అదే వయసు, లింగం, జాతి గల ఇతరులతో పోల్చారు. మత్తుమందులు, గృహహింస, నేరచరిత్ర వంటివి సర్దుబాటు చేసిన తర్వాత కూడా తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లు. ప్రమాదం ఉన్నచోటే జనం తుపాకి కొంటారేమో, కారణమూ కార్యమూ తారుమారయ్యాయేమో అన్న సందేహం అప్పుడే వచ్చింది. అది మంచి సందేహం. దానికి సమాధానం పరిశోధనతోనే రావాలి. కాని 1996లో జరిగింది వేరు. కాంగ్రెస్ డికీ సవరణ పేరిట, తుపాకి నియంత్రణను ప్రోత్సహించే పనులకు సీడీసీ నిధులు వాడరాదని శాసించి, అంతకు ముందు ఆ పరిశోధనకు వెచ్చించిన 26 లక్షల డాలర్లను ఆ సంస్థ బడ్జెట్టులోంచి తీసి వేరేచోటికి మళ్ళించింది. పరిశోధనను నేరుగా నిషేధించలేదు. ఎవరూ చేయడానికి సాహసించకుండా చేసింది. ఆ సవరణ ప్రతిపాదించిన జే డికీ స్వయంగా 2012లో, ఒకప్పటి తన ప్రత్యర్థి, సీడీసీ అధికారి మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి, పరిశోధన జరగాలని పత్రికలో వ్యాసం రాశాడు. నిధులు తిరిగి వచ్చేసరికి 2020 బడ్జెట్టు వచ్చింది. ఒక రోగం గురించి పాతికేళ్ళు అడగడం మానేస్తే ఆ రోగం గురించి నినాదాలే మిగులుతాయి, రెండు పక్షాలకూ.

తుపాకి పక్షం నినాదం 25 లక్షలు. గేరీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ 1995లో సుమారు ఐదువేలమందిని ఫోనులో ప్రశ్నించి, ఏటా 25 లక్షలసార్లు అమెరికన్లు తుపాకితో ఆత్మరక్షణ చేసుకుంటున్నారని అంచనా వేశారు. ప్రభుత్వం జరిపే నేరబాధితుల సర్వేలో వచ్చే అంకె దీనికి ఎన్నో రెట్లు తక్కువ. హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ హెమెన్వే 1997లో చూపించిన లోపం ఏ వైద్య విద్యార్థికైనా వెంటనే అర్థమవుతుంది. అరుదైన రోగానికి జనమంతటికీ పరీక్ష చేస్తే, పరీక్ష ఎంత మంచిదైనా, ‘ఉంది’ అని తేలినవారిలో చాలామందికి రోగం ఉండదు. క్లెక్ సర్వేలో ‘అవును’ అన్నవారు నూటికి ఒకరికి కాస్త ఎక్కువ. నూరుమందిలో ఒక్కరు పాత సంఘటనను ఈ ఏడాదికి జరిపినా, గొప్పకు చెప్పినా, అంచనా అనేక రెట్లు ఉబ్బిపోతుంది. 43, 25 లక్షలు: ఈ రెండు అంకెల మధ్య జరిగిన యుద్ధంలో ఎక్కువగా నష్టపోయింది ఆత్మహత్యల విషయం.

2023లో అమెరికాలో తుపాకి వల్ల 46,728 మంది చనిపోయారు. అందులో 27,300 ఆత్మహత్యలు. వార్తలలో కనిపించే సామూహిక కాల్పుల మృతులు మొత్తంలో చిన్న భాగం. ‘చావాలనుకున్నవాడు ఏదో ఒక దారి వెతుక్కుంటాడు’ అన్నది ఇక్కడ వినిపించే మొదటి అభ్యంతరం. దీనికి సమాధానం తెలుగు వైద్యులకు అమెరికా వచ్చి నేర్చుకోవలసినది కాదు. గుంటూరులోనో వరంగల్లులోనో పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో పనిచేసిన ఎవరికైనా పురుగుమందు తాగి వచ్చినవారి మాట తెలుసు. అట్రోపిన్ ఎక్కి, తేరుకుని, కళ్ళు తెరిచాక వారిలో అధికులు బతకాలనే అనుకుంటారు. కోపం, అప్పు, అవమానం ఆ గంటలో పెద్దవి. మందుడబ్బా చేతికి అందేంత దగ్గరలో ఉంది. శ్రీలంక 1995లో అత్యంత విషపూరితమైన పురుగుమందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపేసింది. తర్వాతి పదేళ్ళలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు సగమైంది. అక్కడి మనుషుల స్వభావం పదేళ్ళలో మారలేదు. డబ్బాలోని విషం మారింది.

హ్యూస్టన్‌లో ప్రాణాపాయ స్థితి దాకా వెళ్ళి బతికిన యువతీయువకులను అడిగితే, నాలుగోవంతు మంది నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య గడచినది ఐదు నిమిషాలలోపే అన్నారు. ఇతర మార్గాలలో చాలామందికి రెండో అవకాశం మిగులుతుంది. తుపాకి విషయంలో దాదాపు మిగలదు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని పన్నెండేళ్ళపాటు గమనించి 2020లో డేవిడ్ స్టడర్ట్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, చేతి తుపాకి ఉన్న పురుషులు తుపాకితో ఆత్మహత్య చేసుకున్న రేటు లేనివారికంటే సుమారు 8 రెట్లు, స్త్రీలలో 35 రెట్లు. అదే బృందం 2022లో తుపాకి యజమానులతో కలిసి ఉండేవారిని చూసింది. తాము తుపాకి కొనకపోయినా, కొన్నవారితో ఒకే కప్పు కింద ఉన్నవారు హత్యకు గురైన రేటు, తుపాకి లేని ఇళ్ళలోని ఇరుగుపొరుగుతో పోలిస్తే రెండింతలకు మించింది. ఇంట్లో జీవిత భాగస్వామి చేతిలో మరణించడం ఏడు రెట్లు. అలా పోయినవారిలో అత్యధికులు స్త్రీలు. తుపాకి రక్షణ కోసం కొన్నారని అంటే, ఎవరి రక్షణ కోసమని కూడా అడగాలి. కొన్నవారి నడవడిక ఈ అధ్యయనాలలో ఎక్కడా లెక్కకు రాదు. వారంతా చట్టబద్ధంగా, తనిఖీ దాటి, నమోదు చేయించి కొన్నవారే.

నడవడిక కాక ఏది లెక్కకు వస్తుందో 2005లో డేవిడ్ గ్రాస్‌మన్ బృందం చూపింది. తుపాకికి తాళం, తుపాకిలో తూటాలు లేకపోవడం, తూటాలు వేరేచోట ఉండడం, ఆ తూటాలకూ తాళం: ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ విడిగా, ఇంట్లోని పిల్లల ఆత్మహత్య, ప్రమాదాల అవకాశాన్ని సగానికంటే తక్కువకు తగ్గించడంతో ముడిపడి ఉంది. ఇది చూడడానికి చాలా చప్పగా ఉండే ఫలితం. ఇందులో వీరుడూ లేడు, దుర్మార్గుడూ లేడు. నినాదం కట్టడానికి పనికిరాదు. తాళం వేసి ఉందా లేదా అన్నది ప్రతి రాత్రీ కొత్తగా తేలవలసిన విషయం.

‘మా పిల్లలకు తెలియదు’

గ్రామీణ అలబామాలో తుపాకి ఉన్న కుటుంబాలను ఫ్రాన్సిస్ బాక్స్‌లీ, మాథ్యూ మిల్లర్ 2006లో ప్రశ్నించారు. తల్లిదండ్రులను విడిగా, పిల్లలను విడిగా అడిగారు. తుపాకి ఎక్కడుందో తమ పిల్లలకు తెలియదన్న తల్లిదండ్రులలో 39 శాతం మంది పిల్లలు తమకు తెలుసన్నారు. పిల్లలు దాన్ని ఎన్నడూ చేత పట్టలేదన్నవారిలో 22 శాతం మంది మాటను పిల్లలే కాదన్నారు. ఆ తల్లిదండ్రులు అబద్ధమాడారనుకోనక్కరలేదు. దాచడాన్ని తాళం వేయడంగా భావించారు. అటకమీది బూందీ డబ్బా సంగతి తెలియని పిల్లలు ఏ ఇంట్లోనూ ఉండరు.

ఈ భావనే 2021 నవంబరు 30న మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో నలుగురు పిల్లల ప్రాణం తీసింది. ఆక్స్‌ఫర్డ్ ఉన్నది ఓక్లండ్ కౌంటీలో. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ ఉన్నదీ అదే కౌంటీలో. అంటే డెట్రాయిట్ తెలుగువారిలో పెద్ద భాగం నివసించే కౌంటీ. పదిహేనేళ్ళ పిల్లవాడు కాల్పులు జరిపిన పిస్తోలును అతని తండ్రి నాలుగు రోజుల ముందు, థాంక్స్‌గివింగ్ మర్నాటి అమ్మకాలలో, చట్టప్రకారం తనిఖీ దాటి కొన్నాడు. మరునాడు తల్లి కొడుకును వెంటబెట్టుకొని కాల్పుల మైదానానికి వెళ్ళింది. నవంబరు 30 ఉదయం లెక్కల కాగితం మీద పిల్లవాడు గీసిన తుపాకి బొమ్మ చూసి బడివారు తల్లిదండ్రులను పిలిపించారు. వారు వచ్చారు, మాట్లాడారు, కొడుకును ఇంటికి తీసుకుపోకుండా ఉద్యోగాలకు వెళ్ళారు. బడివారూ సంచి వెతకలేదు.

విచారణలో బయటపడిన చిన్న సంగతులే ఈ వ్యాసానికి ముఖ్యం. పిస్తోలును బట్టల బీరువాలో దాచానని, తూటాలను వేరేచోట జీన్స్ ప్యాంట్ల కింద పెట్టానని తండ్రి పోలీసులకు చెప్పాడు. పిస్తోలుతో పాటు దుకాణంవారు ఇచ్చిన కేబుల్ తాళం ప్యాకెట్టు విప్పకుండానే దొరికింది. తుపాకుల భద్రత భర్త వ్యవహారమని, తాను ఆ జోలికి పోలేదని తల్లి సాక్ష్యమిచ్చింది. ఈ చివరి మాట ఎన్ని ఇళ్ళలో నిజమో ఊహించుకోవచ్చు: టాక్సులు ఒకరివి, వంట ఒకరిది, తుపాకి ఒకరిది. 2024 ఫిబ్రవరిలో తల్లిని, మార్చిలో తండ్రిని నలుగురి మరణానికీ బాధ్యులుగా, ఉద్దేశం లేని నరహత్య నేరం కింద జ్యూరీలు నిర్ధారించాయి. ఏప్రిల్‌లో ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ళ శిక్ష పడింది. బడిలో సామూహిక కాల్పులకు పాల్పడిన పిల్లవాడి తల్లిదండ్రులను ఈ నేరం కింద శిక్షించడం అమెరికాలో అదే మొదటిసారి.

తీర్పును చాలామంది హర్షించారు. హర్షించనివారి వాదనలోనూ బలముంది. ఒకరి నేరానికి ఇంకొకరిని శిక్షించే దారి తెరిస్తే, ఆ దారి చివరికి పేద, నల్లజాతి కుటుంబాల మీదుగానే పోతుందని కొందరు న్యాయపండితులు హెచ్చరించారు. దానికంటే మౌలికమైన అభ్యంతరం ఇది: కాల్పుల నాటికి మిషిగన్‌లో తుపాకికి తాళం వేయాలన్న చట్టమే లేదు. ఫ్లోరిడా 1989లోనే అటువంటి చట్టం చేసింది. పిల్లల చేతికి తుపాకి అందకుండా చేసే చట్టాలు పిల్లల మరణాలను తగ్గిస్తాయన్నది, ర్యాండ్ సంస్థ సాక్ష్యాలను తూకం వేసి గట్టిగా నిలబడుతుందన్న కొద్ది విషయాలలో ఒకటి. మిషిగన్ మాత్రం నవంబరు 29 దాకా ఆ తల్లిదండ్రులను బాధ్యత గల యజమానులుగానే చూసింది, వారిని ఏమీ అడగలేదు. నవంబరు 30 తర్వాత పదిహేనేళ్ళదాకా అడిగింది. పూచీ కోరని సమాజం చివరికి బాధ్యుణ్ణి వెతుక్కుంది.

అడగని ప్రశ్న

ముందుగా అడగగలిగినవారిలో వైద్యులు ఒకరు. ఈతకొలను ఉందా, కారులో పిల్లల సీటు ఉందా, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని అడిగినట్టే తుపాకి ఉందా అని పిల్లల వైద్యులు అడుగుతారు. ఫ్లోరిడా 2011లో ఆ ప్రశ్నను చాలావరకు నిషేధించింది. అది వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని 2017లో అప్పీలు కోర్టు ముఖ్యభాగాలను కొట్టివేసింది. కోర్టు గెలిపించిన ఆ ప్రశ్నను వైద్యులు ఎంత అడుగుతున్నారన్నది వేరే సంగతి. పదిహేను నిమిషాల విజిట్‌లో అది చివరికి జారిపోతుంది. అడిగినా, తప్పు పట్టే గొంతుతో అడిగితే తలుపు మూసుకుంటుంది. తుపాకి గురించి తెలియని వైద్యుడు తుపాకి యజమానికి ఉపదేశించడం, పొలం చూడనివాడు రైతుకు ఎరువుల మీద ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది.

తెలుగువారు ఈ చర్చలో ఇప్పటివరకు బాధితులుగానే కనిపించారు. 2017లో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథాలో, అదీ ఒక సబర్బే, హైదరాబాదు ఇంజనీరు ద్వేషానికి బలి కావడం అందరికీ గుర్తుంది. దుకాణాలలో, పెట్రోలు బంకులలో పనిచేస్తూ దోపిడీలో చనిపోయిన విద్యార్థుల వార్తలు తరచు వస్తాయి. 1992లో బేటన్ రూజ్ సబర్బులో హాలోవీన్ విందుకని పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టిన పదహారేళ్ళ జపాన్ విద్యార్థిని ఇంటి యజమాని కాల్చి చంపాడు. క్రిమినల్ కోర్టు అతణ్ణి విడిచిపెట్టింది. సివిల్ కోర్టు ఆరున్నర లక్షల డాలర్లు చెల్లించమంది. కొత్తగా వచ్చినవారికి ఈ దేశంలో తలుపు తట్టడం గురించి అంతకు మించిన పాఠం లేదు.

తుపాకి యజమానులుగా తెలుగువారి గురించి మాట్లాడుకోవడం తక్కువ. ప్యూ సర్వేలో ఆసియా సంతతి పెద్దలలో 10 శాతం మంది తమకు తుపాకి ఉందన్నారు. అందరికంటే తక్కువే గాని, శూన్యం కాదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి కొనరాదని 1998 నుంచి ఫెడరల్ చట్టం చెబుతుంది. అదే చట్టంలో వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. వేటకు వెళ్ళే ఉద్దేశమే లేనివారికి కూడా ఆ లైసెన్సు దొరుకుతుంది. గ్రీన్ కార్డు వచ్చాక ఆ అడ్డూ లేదు. ఇండియాలో తుపాకి అంటే కలెక్టరు ఆఫీసు, పోలీసు విచారణ, ఎన్నికల నోటిఫికేషన్ రాగానే స్టేషన్లో జమ చేయడం. అక్కడ తుపాకి ఎప్పుడూ ఇంకొకరి అనుమతి నీడలో ఉంటుంది. దాని జవాబుదారీ ఇంట్లోంచి స్టేషన్ రిజిస్టరు దాకా సాగుతుంది. ఇక్కడ ఆ నీడ లేదు, రిజిస్టరూ చాలా రాష్ట్రాలలో లేదు. అక్కడి అలవాటుతో ఇక్కడి హక్కును వాడుకునేవారికి, అడిగేవారెవరూ లేకపోవడమే అనుమతిగా తోస్తుంది.

శాన్ హోసే నగరం 2022లో దేశంలోనే మొదటిసారిగా తుపాకి యజమానులు బీమా తీసుకోవాలని శాసించింది. సిలికాన్ వ్యాలీ తెలుగువారిలో చాలామందికి వర్తించే శాసనమిది. వారిలో ఎందరికి తెలుసన్నది సందేహమే. బీమా కంపెనీకి యజమాని స్వభావంతో పని లేదు. అది ఇంటి బీమా దరఖాస్తులో కుక్క ఏ జాతిదని, ఈతకొలనుకు కంచె ఉందా అని అడిగినట్టే అడుగుతుంది. ఉద్దేశపూర్వకంగా చేసిన హానికి ఏ బీమా చెల్లించదు గనుక ఆ శాసనం వల్ల హత్యలు తగ్గవన్న విమర్శ నిజమే. అయినా పూచీ అన్న మాటకు అమెరికా చట్టం దగ్గరగా వచ్చిన సందర్భం అది.

పిల్లలను ఆటకు పంపే ముందు, వెళ్ళే ఇంట్లో తుపాకి ఉందా, తాళంలో ఉందా అని అడగమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏళ్ళ తరబడి చెబుతోంది. వేరుశనగ ఎలర్జీ గురించి మొహమాటం లేకుండా మెసేజి పెట్టే తెలుగు తల్లిదండ్రులు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. అడిగితే అనుమానించినట్టవుతుందని భయం. ఎదుటివారు బాధ్యత గలవారే కదా అన్న ఆ పాత ఒప్పుకోలే ఇక్కడా అడ్డుపడుతుంది.

ఆక్స్‌ఫర్డ్ తర్వాత మిషిగన్ చేసిన భద్రతా చట్టం 2024 ఫిబ్రవరి 13న అమలులోకి వచ్చింది, తల్లికి నేరం రుజువైన వారం తర్వాత. తన అధీనంలోని స్థలంలో మైనరు ఉన్నాడని గాని, ఉండే అవకాశం ఉందని గాని తెలిసినవాడు, తెలిసి ఉండవలసినవాడు, తుపాకిని తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. లేదా తూటాలు తీసి, తుపాకికే తాళం వేయాలి. ఆ మైనరు సొంత బిడ్డే కానక్కరలేదు. ఆదివారం భోజనానికి వచ్చినవారి పిల్లలూ, పుట్టినరోజుకు వచ్చిన పిల్లలూ ఆ లెక్కలోకి వస్తారు.